రాత్రి తాగితే పొద్దున కేసా? (మిషన్ 58 చూపించింది)

అలారం_ఆపినవాడు | ఆదివారం, ఉదయం 11:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. రాయాల్సిన రోజు ఇలా వస్తుందనుకోలేదు.

ఇవాళ పొద్దున ఎనిమిదిన్నరకి కార్లో వస్తుంటే పోలీసులు ఆపారు. రాత్రి కాదండోయ్, పొద్దున! ఎండ మొహాన కొడుతోంది. అప్పటికే స్నానం అయింది, రెండు కాఫీలు అయ్యాయి, తలనొప్పి కూడా లేదు. అద్దం దించమని గొట్టం నోటి దగ్గర పెట్టి ఊదమన్నారు. నవ్వుకుంటూనే ఊదాను. ఊదుతూ ఉండు, ఉండు, ఉండు అన్నాడు. మిషన్ కుయ్యిమంది. 58. ఇక్కడ పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు. ఏ దేశమో చెప్పను, మా ఆఫీసులో మనవాళ్లు చాలామంది ఇది చదువుతారు.

పావుగంట ఊరికే కూర్చోబెట్టి స్టేషన్లో పెద్ద మిషన్ మీద మళ్లీ ఊదించారు. 56. చేతిలో కాగితం పెట్టి లైసెన్సు ఉంచేసుకున్నారు. కారు రోడ్డు పక్కనే ఉండిపోయింది.

రాత్రి ఫ్రెండు ఇంట్లో తాగిన మాట నిజం. నాలుగు పెగ్గులు, మహా అయితే. ఒంటిగంటన్నరకల్లా ఆపేశాను. తాగి నడపకూడదని బుద్ధిగా కారు అక్కడే వదిలేసి టాక్సీలో ఇంటికొచ్చాను. పడుకుని లేచి, పొద్దున వెళ్లి కారు తెచ్చుకుంటుంటే ఇది.

కాళ్లు తడబడని, మాట తడబడని మనిషిని పట్టుకుని తాగి నడిపాడనడం ఏం న్యాయం? మిషన్ తప్పు చూపించి ఉంటుందా? నా బరువు 72 కిలోలు, ఆ లెక్కలేవో ఉంటాయటగా.

---

మూడో_గేరు | ఆదివారం, ఉదయం 11:31

దారుణం బాసూ. బుద్ధిగా టాక్సీ ఎక్కినవాణ్ణి పొద్దున పట్టుకోవడమేంటి? వాళ్లకి నెలకిన్ని కేసులని కోటా ఉంటుంది, అందులో నువ్వు దొరికావు.

నేను 28 ఏళ్లుగా నడుపుతున్నా. ఒక్క గీత పడలేదు. నిజం చెప్పాలంటే రెండు పెగ్గులు పడితే నేను ఇంకా జాగ్రత్తగా, ఇంకా నెమ్మదిగా నడుపుతా. చూడాల్సింది మనిషిని, అంకెని కాదు. గీత మీద నడిపించి చూడండి, వేలు ముక్కుకి ఆనించమనండి. తూలితే లోపలేయండి.

---

రాత్రి_డ్యూటీ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

నేను ఎమర్జెన్సీ వార్డులో డాక్టర్ని. న్యాయం సంగతి మన ఫోరం వకీలు నల్లకోటు గారు చెప్తారు, నేను లెక్క వరకే చెప్తాను.

ఈ లెక్కకి పునాది వేసింది విడ్‌మార్క్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, 1930ల్లో. తాగిన ఆల్కహాల్ ఒంట్లో ఉన్న నీటిలో కలుస్తుంది. మగవాళ్లలో బరువుని సుమారు 0.68తో, ఆడవాళ్లలో 0.55తో గుణిస్తే అది ఎంత మేర పరుచుకుంటుందో తెలుస్తుంది. అదే పెగ్గు ఆడవాళ్లకి ఎక్కువ అంకె చూపించేది అందుకే. మీ 72 కిలోలకి అది 49 అవుతుంది.

పెగ్గు అంటే 60 మిల్లీలీటర్లు, 40 శాతం సరుకు అనుకుందాం. ఒక్కోదాంట్లో సుమారు 19 గ్రాముల ఆల్కహాల్. నాలుగైతే 76 గ్రాములు. ఒక్కసారే తాగి ఉంటే రక్తంలో సుమారు 160 దాకా వెళ్తుంది. కాలేయం గంటకి సగటున 15 చొప్పున దించుతుంది, మనిషిని బట్టి 10 నుంచి 20 దాకా. మీరు ఎన్నింటికి మొదలుపెట్టారో రాయలేదు. ఎనిమిదిన్నర అనుకుంటే పొద్దున ఎనిమిదిన్నరకి పన్నెండు గంటలు. పన్నెండు పదిహేన్లు 180.

160లోంచి 180 తీసేస్తే? సున్నా రావాలి. మీకు 58 వచ్చింది.

కాబట్టి మూడింట్లో ఏదో ఒకటి. మిషన్ తప్పయి ఉండాలి, మీ కాలేయం మరీ నెమ్మదిదై ఉండాలి, లేదా అవి నాలుగు పెగ్గులు కావు. మా వార్డులో అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే, "రెండే డాక్టర్". ఆ రెండుకి స్ట్రెచర్ మీద రావడం సాధ్యం కాదు.

---

సర్క్యూట్_బోర్డు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఈ మిషన్లు సర్వీసింగ్ చేసిన అనుభవం ఉంది కాబట్టి ఆ వైపు నుంచి.

రోడ్డు మీద చేత్తో పట్టుకునే మిషన్లలో ఎక్కువగా ఉండేది ఫ్యూయల్ సెల్. లోపల ప్లాటినం పూసిన చిన్న బిళ్ల ఉంటుంది. ఊపిరిలోని ఆల్కహాల్ దాని మీద ఆక్సీకరణం చెందితే కాస్త కరెంటు పుడుతుంది. ఆల్కహాల్ ఎంతుంటే కరెంటు అంత. స్టేషన్లో ఉండే పెద్దవి చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలుస్తాయి. వెనకటి రోజుల్లో రసాయనంతో చేసేవారు, నారింజ రంగు డైక్రోమేటు ఆల్కహాల్ తగిలితే ఆకుపచ్చకి తిరిగేది. బోర్కెన్‌స్టైన్ అనే అమెరికా పోలీసు అధికారి 1954లో తయారుచేసిన బ్రెతలైజరు కూడా ఆ రంగు మార్పునే కొలిచేది.

"ఉండు, ఉండు" అని అంతసేపు ఊదించడం మిమ్మల్ని ఏడిపించడానికి కాదు. మొదట వచ్చేది నోట్లో, గొంతులో ఉన్న గాలి. రక్తంతో ఆనుకున్న ఊపిరితిత్తుల అడుగు గాలి చివర్న వస్తుంది. కొలవాల్సింది దాన్ని.

ఊపిరి నుంచి రక్తానికి వెళ్లేటప్పుడు ఒక గుణకం వాడతారు. చాలా చోట్ల 2100. అంటే రక్తం ఒక పాలు తీసుకుంటే, అంతే ఆల్కహాల్ 2100 పాళ్ల ఊపిరిలో ఉంటుందని. బ్రిటన్‌లో 2300 తీసుకుంటారు. నిజానికి ఇది మనిషికీ మనిషికీ కాస్త మారుతుంది, వకీళ్లు పట్టుకునేది ఇక్కడే. అందుకే చాలా దేశాలు చట్టంలోనే ఊపిరి అంకె విడిగా రాసేసుకున్నాయి, ఆ వాదనకి తావులేకుండా.

కానీ మీ విషయంలో రెండు వేర్వేరు మిషన్లు, మధ్యలో పావుగంట, 58 తర్వాత 56. దిగుతున్న మనిషికి అలాగే రావాలి. మిషన్ మీద నాకైతే అనుమానం లేదు.

---

అలారం_ఆపినవాడు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

డాక్టర్ గారూ, మీ లెక్క చూశాక ఫ్రెండుకి ఫోన్ చేశాను. ఎనిమిదిన్నరకే మొదలుపెట్టాం, అది కరెక్టు. సీసా ఫోటో పంపమన్నాను. 750 మిల్లీలీటర్ల సీసా, నిన్న సాయంత్రం నా ముందే మూత తీశాడు. మూడో వంతుకి కాస్త పైన మిగిలింది. వాడు కొలగ్లాసులో పోసి చూసి 270 అన్నాడు. "నేను రెండే తాగానురా, పొద్దున షిఫ్టు ఉందని చెప్పా కదా" అన్నాడు.

750లోంచి 270, 120 తీసేస్తే 360.

ఆరు.

నాకు నిజంగా నాలుగే గుర్తున్నాయి. ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి.

---

రాత్రి_డ్యూటీ | ఆదివారం, మధ్యాహ్నం 1:38

మీరు అబద్ధం చెప్పారని నేను అనలేదండీ. నాలుగో పెగ్గు దగ్గర లెక్కపెట్టేవాడు లేచి వెళ్లిపోతాడు, అంతే.

ఇప్పుడు చూడండి. ఆరు పంతొమ్మిదులు 114 గ్రాములు. సుమారు 245. పన్నెండు గంటలకి 180 దిగితే 65. మిషన్ 58 అంది. మీ కాలేయం సగటు కన్నా ఓ వీసం చురుకే.

కాఫీ సంగతి. కాఫీ నిద్రని ఆపుతుంది, కాలేయాన్ని తొందరపెట్టదు. స్నానం కూడా అంతే. చెమట పట్టేలా పరిగెత్తినా అంతే, చెమటలో మూత్రంలో పోయేది చాలా తక్కువ. నిద్రపోతే దిగిపోతుందనేది కూడా భ్రమ. నిద్రలో జరిగేదల్లా గంటలు గడవడం.

---

అలారం_ఆపినవాడు | ఆదివారం, మధ్యాహ్నం 1:50

అంటే ఇంకో అరగంట పడుకుని ఉంటే 50కి దిగేదా? ఏడింటికి మోగిన అలారం ఆపేసి మళ్లీ పడుకుందామనుకుని, అదేదో బద్ధకంలా ఉంటుందని లేచాను. ఈ పేరు పెట్టుకున్న రోజు నుంచీ ఎప్పుడూ ఆపేవాణ్ణే, ఇవాళే లేచాను!

---

రాత్రి_డ్యూటీ | ఆదివారం, మధ్యాహ్నం 2:02

ఇంకాస్త పడుకుని ఉంటే 49తో నడిపేవారు. చట్టానికి మీతో పని ఉండేది కాదు. 58కీ 49కీ మీ మెదడుకి మాత్రం పెద్ద తేడా తెలీదు. సున్నా కావాలంటే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఆగాలి.

---

మూడో_గేరు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

ఇదే నేననేది. 49 మంచివాడు, 51 దొంగ. ఈ గీత గీసిందెవరు? ఒక దేశంలో 80, ఒక దేశంలో 50, ఇంకో దేశంలో 20. ఒకే రక్తం, ఒకే మందు. సరిహద్దు దాటితే తాగుబోతునవుతానా? ఇది శాస్త్రమా, వేలంపాటా?

---

నల్లకోటు | ఆదివారం, సాయంత్రం 4:10

మూడో గేరు గారు అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఓపిగ్గా రాస్తాను.

మీరు కోరుకుంటున్న చట్టం ఒకప్పుడు ఉండేది. అంకె లేదు, మనిషిని చూసి తేల్చేవారు. 1897 సెప్టెంబర్లో లండన్‌లో జార్జ్ స్మిత్ అనే టాక్సీ డ్రైవరు బండిని భవనానికి గుద్దాడు. తాగి మోటారు నడిపినందుకు శిక్షపడ్డ మొదటి మనిషిగా అతని పేరే చెప్తారు. 25 షిల్లింగుల జరిమానా. అతను తాగానని ఒప్పుకున్నాడు కాబట్టి గొడవ లేకపోయింది. ఒప్పుకోనివాళ్ల సంగతి? పోలీసు తూలాడంటాడు, ముద్దాయి కాలు నొప్పంటాడు, డాక్టరు మాట ముద్దగా ఉందంటాడు, ముద్దాయి నా మాటే అంతంటాడు. పలుకుబడి ఉన్నవాడు బయటికి, లేనివాడు లోపలికి. అంకె వచ్చింది పోలీసులకి కోటా నింపడానికి కాదు సార్, పోలీసు కంటిచూపు మీద మన బతుకు ఆధారపడకుండా ఉండడానికి కూడా.

మొదటిసారి అంకెని చట్టంలో రాసింది నార్వే, 1936లో. 50. అమెరికాలో 1938లో వైద్య సంఘం, జాతీయ భద్రతా మండలి కలిసి సూచించిన గీత ఎంతో తెలుసా? 150. అంటే ఇప్పటి గీతకి దాదాపు రెట్టింపు. అక్కణ్ణుంచి దిగుతూ దిగుతూ 2005కల్లా అన్ని రాష్ట్రాల్లో 80కి వచ్చింది. యూటా ఒక్కటి 2018 డిసెంబర్ ఆఖర్లో 50కి దిగింది. బ్రిటన్‌లో 80 తెచ్చింది 1967 చట్టం. తెచ్చిన రవాణా మంత్రి బార్బరా కాసిల్‌కి అసలు డ్రైవింగే రాదు. ఆవిడ మీద ఎంత ఆడిపోసుకున్నారో చదివితే మీ పోస్టే చదువుతున్నట్టు ఉంటుంది :) స్కాట్లండ్ 2014 డిసెంబర్‌లో 50కి దించుకుంది, ఇంగ్లండ్ 80 దగ్గరే ఉంది. కాబట్టి అవును, సరిహద్దు దాటితే మారుతుంది. ఒకే ద్వీపంలోనే మారుతుంది.

వేలంపాట కాదు. ప్రమాదం అంకెతోపాటు పెరుగుతూ పోతుంది, ఎక్కడా మెట్టులా ఆగదు. ఎక్కడ గీత గియ్యాలన్నది మాత్రం ఆయా సమాజం ఎంత ప్రమాదాన్ని భరిస్తానంటుందో దాన్ని బట్టి. ఆ భాగం శాస్త్రం కాదు, ఒప్పుకుంటాను.

---

రాత్రి_డ్యూటీ | ఆదివారం, సాయంత్రం 4:35

రెండు పెగ్గులకి ఇంకా జాగ్రత్తగా నడుపుతానన్న మాటకి ఒక కథ ఉంది. సర్క్యూట్ గారు చెప్పిన ఆ బోర్కెన్‌స్టైనే 1960ల్లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో వేలమంది డ్రైవర్ల ఊపిరి కొలిపించాడు. ప్రమాదంలో ఉన్నవాళ్లనీ, అదే చోట అదే వేళ మామూలుగా వెళ్తున్నవాళ్లనీ పోల్చాడు. అంకె పెరిగేకొద్దీ ప్రమాదం నిటారుగా లేచింది. కానీ అడుగున ఒక వింత కనపడింది. కాస్తంత తాగినవాళ్లకి అసలు తాగనివాళ్లకన్నా ప్రమాదాలు కొంచెం తక్కువ!

మూడో గేరు గారిలాంటివాళ్లకి అది పండగ. తర్వాత లెక్కలు విప్పి చూస్తే తేలిందేమిటంటే, సున్నా గుంపులో కుర్రాళ్లు, ముసలివాళ్లు, కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు ఎక్కువ. కాస్త తాగే గుంపులో నడివయసు, చెయ్యి తిరిగిన డ్రైవర్లు ఎక్కువ. ఒకే రకం మనుషుల్ని పక్కపక్కన పెడితే ఆ పల్లం మాయమైంది. మందు వాళ్లని బాగా నడిపించలేదు, వాళ్లు బాగా నడిపేవాళ్లే. మీ 28 ఏళ్లూ అంతేనేమో.

---

మంచుదారి | ఆదివారం, సాయంత్రం 5:20

స్వీడన్‌లో ఉంటాను. ఇక్కడ 1990 నుంచి పరిమితి 20. 100 దాటితే అది తీవ్ర నేరం, జైలు మాట.

20 పెట్టడం వల్ల మనుషుల్లో ఒక మార్పు వచ్చింది, ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు అర్థం కాలేదు. ఎంత తాగొచ్చు అని ఎవరూ లెక్కపెట్టరు. 50 అయితే "ఒకటి తాగితే పర్లేదు" అనే బేరం మొదలవుతుంది. 20కి బేరం లేదు. నడిపేవాళ్లు తాగరు, తాగేవాళ్లు నడపరు, అక్కడితో మాట అయిపోతుంది. నేనెక్కే బస్సులో డ్రైవరు ఊదితే గానీ ఇంజను లేవదు. రోజూ పొద్దున ఆవిడ ఊదడం చూస్తాను, తాళం చెవి తిప్పినంత మామూలుగా.

యూరప్‌లో చెక్, హంగరీ, స్లొవేకియా, రుమేనియా అయితే నేరుగా సున్నాయే పెట్టుకున్నాయి.

---

కొత్తసభ్యుడు_9 | ఆదివారం, రాత్రి 7:02

అన్నలూ, ఒక డౌటుంది, ఏమనుకోకుర్రి. మౌత్‌వాష్ పుక్కిలిస్తే వాసన పోతది గదా, మిషన్‌కు దొరుకతదా? మావోడు ఒకడు నోట్లె రాగి పైస పెట్టుకుంటే ఏం రాదని చెప్పిండు.

---

సర్క్యూట్_బోర్డు | ఆదివారం, రాత్రి 7:15

పైసా మింగేస్తే డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, అంతకుమించి లాభం లేదు. మిషన్ వాసన చూడదు తమ్ముడూ, ఆల్కహాల్ చూస్తుంది. చాలా మౌత్‌వాష్‌లలో ఉండేదే ఆల్కహాల్. పుక్కిలించి వెంటనే ఊదితే తాగనివాడికి కూడా అంకె లేస్తుంది. నోట్లోది పది పదిహేను నిమిషాల్లో పోతుంది. అలారం గారిని పావుగంట ఊరికే కూర్చోబెట్టింది అందుకే. ఆ పావుగంటలో త్రేన్పు వచ్చినా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలని చాలాచోట్ల నిబంధన.

---

నల్లకోటు | ఆదివారం, రాత్రి 7:40

తాగకుండానే అంకె లేచే అరుదైన జబ్బు కూడా ఒకటుంది. పేగుల్లో ఉండే ఈస్టు తిన్నదాన్ని పులియబెట్టి ఆల్కహాల్ చేస్తుంది. బెల్జియంలో 2024 ఏప్రిల్‌లో ఒకాయన మీద కేసు దీనివల్లే కొట్టేశారు. డాక్టర్లు విడివిడిగా పరీక్షించి జబ్బు ఉందని తేల్చారు. తమాషా ఏమిటంటే ఆయన ఉద్యోగం బీరు తయారుచేసే చోట. ఇది చదివి రేపు కోర్టులో అందరూ నాకూ ఈస్టే అనకండి.

అలారం గారికి వచ్చే వారం విచారణ ఉంటుందనుకుంటాను. స్థానిక వకీలుని కలవండి, మీ దేశం పేరు తెలియకుండా నేను గట్టిగా చెప్పలేను. మిషన్‌ని ఎప్పుడు సరిచూశారన్న కాగితం అడగడం మీ హక్కు. అడగండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఊదను అని మొండికేయకపోవడం మాత్రం మంచి పని చేశారు. ఆ సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఫోరంలోనూ ఉంటారు. బ్రిటన్‌లో సరైన కారణం లేకుండా నిరాకరిస్తే అదే విడి నేరం, లైసెన్సు ఎలాగూ పోతుంది. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 205వ సెక్షన్ ప్రకారం ఆ నిరాకరణని కోర్టు మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. అమెరికాలో రోడ్డు మీదికి రావడమే పరీక్షకి ఒప్పుకున్నట్టు లెక్క. అక్కడ 2016లో సుప్రీంకోర్టు ఒక తేడా చూపించింది. అరెస్టు చేశాక ఊపిరి పరీక్షకి వారంటు అక్కర్లేదు, సూది గుచ్చి రక్తం తీయాలంటే మామూలుగా కావాలి.

---

పక్కసీటు | ఆదివారం, రాత్రి 8:25

జపాన్ నుంచి. ఇక్కడైతే కథలో ఇంకో ఇద్దరు ముగ్గురు ముద్దాయిలు ఉంటారు. నడిపినవాడే కాదు, నడుపుతాడని తెలిసీ మందు పోసినవాడు, కారు ఇచ్చినవాడు, తాగాడని తెలిసీ దింపమని అడిగి పక్కన కూర్చున్నవాడు, అందరికీ శిక్షే. 2006లో ఫుకుఓకాలో తాగి నడిపినవాడు వెనకనుంచి గుద్దితే ఒక కుటుంబం కారు వంతెన మీంచి నీళ్లలో పడి ముగ్గురు పిల్లలు పోయారు. దేశమంతా అట్టుడికింది. 2007 సెప్టెంబర్ నుంచి ఈ నిబంధనలు.

నా పేరు అందుకే ఇది. వచ్చిన కొత్తలో మా సీనియరు తాగి తాళాలు తీస్తే నేను మామూలుగా పక్కసీట్లో కూర్చోబోయాను. ఆయనే ఆపి, "నువ్వెక్కితే నీ వీసా కూడా నా చేతిలో ఉన్నట్టే" అని ఫోన్ చేశాడు. ఇద్దరు మనుషులు ఒక చిన్న కార్లో వచ్చారు. ఒకడు ఆయన కారు నడిపాడు, రెండోవాడు చిన్న కార్లో వెనకే వచ్చాడు. మనిషీ కారూ ఇద్దరూ ఇల్లు చేరారు. పొద్దున కారు కోసం వెళ్లే పనే లేదు. అలారం గారి చిక్కు అసలు అక్కడే కదా.

2024 నవంబర్ నుంచి సైకిలుకి కూడా అదే గీత, జైలు శిక్ష కూడా పెట్టారు.

---

మూడో_గేరు | ఆదివారం, రాత్రి 8:50

సైకిలుకి కూడానా! ఇంక నడిచేవాడికి ఎప్పుడు పెడతారో.

సరే, డాక్టరమ్మా, పల్లం సంగతి చదివాను. ఆలోచిస్తున్నా. కానీ ఇండియా లెక్క చెప్పలేదు ఎవరూ.

---

నల్లకోటు | ఆదివారం, రాత్రి 9:05

185వ సెక్షన్. పరిమితి 30. 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా, 15,000. అంతకుముందు జరిమానా రెండు వేలే ఉండేది. అలారం గారి 58 అక్కడైతే దాదాపు రెట్టింపు.

ఇంకో మాట. అక్కడి సెక్షన్ "నడుపుతున్నప్పుడు లేదా నడపడానికి ప్రయత్నిస్తున్నప్పుడు" అంటుంది. బ్రిటన్‌లో ఆపిన కార్లో తాళాలు జేబులో పెట్టుకుని నిద్రపోయినా కారు నీ అధీనంలో ఉందని విడిగా కేసు పెట్టొచ్చు. ఆ మత్తులో నడిపే అవకాశమే లేదని నువ్వే నిరూపించుకోవాలి. వెనకసీట్లో పడుకుంటే చాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

---

పాదచారి | సోమవారం, తెల్లవారుజామున 3:14

రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

నాలుగేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు. ఊపిరిలో పరిమితి 35 (రక్తంలో 80కి సమానమైన అంకె), నాకు వచ్చింది 26. అంటే చట్టం లోపలే. భోజనంతో పాటు తాగాను, లెక్కపెట్టుకునే తాగాను, మూడో గేరు గారిలా నెమ్మదిగానే నడిపాను. సన్నని వాన. పక్క సందులోంచి సైకిలు మీద ఒకావిడ వచ్చింది. బ్రేకు వేశాను. వేసింది నాకు స్పష్టంగా గుర్తుంది. కారు ఆగలేదు.

ఆవిడ తుంటి ఎముక విరిగింది. పోలీసు వచ్చి ఊదించి, అంకె చూసి, "మీరు పరిమితిలోనే ఉన్నారు సర్" అన్నాడు. మర్యాదగా అన్నాడు. ఆవిడ లైటు పెట్టుకోలేదని రాసుకున్నాడు. నా మీద కేసు లేదు.

ఆవిడ ముందు చక్రం చాలాసేపు తిరుగుతూనే ఉంది. ఆపుదామని వంగి, ముట్టుకోకూడదేమో అని ఆగాను.

సున్నాతో ఉంటే అర సెకను ముందు కాలు పడేదా? తెలీదు. ఎవరూ చెప్పలేరు. అప్పట్నుంచీ నడపడం మానేశాను. అలారం గారూ, మీకు 58 వచ్చి కాగితం వచ్చింది. మీది అన్యాయం అనిపిస్తే అనిపించనీండి. నాకు కాగితం రాలేదు.

---

నల్లకోటు | సోమవారం, ఉదయం 8:30

మీరు రాసింది రెండుసార్లు చదివాను. చట్టం సంగతే చెప్తాను, అది తప్ప నాకేం చేతకాదు. జర్మనీలో పరిమితి 50 అయినా, ప్రమాదం జరిగినా నడపడంలో తేడా కనపడినా 30 నుంచే నేరమయ్యే అవకాశం ఉంది. 110 దాటితే ఇంకే రుజువూ అక్కర్లేదు. అంటే వాళ్లు ఆ గీతని ఒక గోడలా కాక ఒక వాలులా చూశారు. మీకు అది ఊరట కాదని తెలుసు.

---

మూడో_గేరు | సోమవారం, ఉదయం 9:02

పాదచారి గారూ, నిన్న నేను వాగినదానికి ఏమనుకోకండి.

సర్క్యూట్ భాయ్, ఇంట్లో పెట్టుకునే మిషన్లు దొరుకుతాయంటగా. పనిచేస్తాయా?

---

సర్క్యూట్_బోర్డు | సోమవారం, ఉదయం 9:40

ఫ్యూయల్ సెల్ ఉన్నది కొనండి. చవక రకం సెమీకండక్టర్ సెన్సరువి వద్దు, సెంటు వాసనకి కూడా లేస్తాయి. ఏది కొన్నా ఏడాదికోసారి సరిచూపించాలి, లేకపోతే అంకె జారిపోతుంది. ముఖ్యంగా తాగిన వెంటనే ఊది తక్కువొచ్చిందని బయల్దేరకండి. కడుపులో ఉన్నది ఇంకా ఎక్కుతూనే ఉంటుంది, అరగంట నుంచి గంటన్నర తర్వాత గానీ శిఖరానికి చేరదు. ఇంటి దగ్గర 25, దారి మధ్యలో 45.

ఫ్రాన్స్ 2012లో ప్రతి కార్లోనూ ఒక పరీక్ష గొట్టం ఉండాలని చట్టం చేసింది. లేకపోతే వేస్తామన్న జరిమానా ఆచరణలోకి రాకముందే వదిలేసింది, 2020లో నిబంధననే ఎత్తేసింది. కొన్నవాళ్ల డిక్కీల్లో అవి ఇంకా ఎక్కడో దొర్లుతుంటాయి. ఇప్పుడు యూరప్‌లో దారి మార్చి, ఊదితే గానీ స్టార్టవని తాళం తగిలించుకునే ఏర్పాటు కొత్త మోడల్ కార్లలో ఉండి తీరాలన్నారు, 2022 నుంచి.

---

అలారం_ఆపినవాడు | పదకొండు రోజుల తర్వాత, సాయంత్రం 6:20

నిన్న విచారణ అయింది. మిషన్ సరిచూసిన కాగితం అడిగాను. మూడు వారాల కిందటి తేదీ ఉంది. ఇంక దాని ఊసు ఎత్తలేదు.

ఎన్ని తాగావని అడిగారు. ఆరు అన్నాను. టైప్ చేస్తున్నావిడ ఆగి తలెత్తి చూసింది. స్టేషన్ కాగితంలో నా మాటగా నాలుగు అని ఉంది. ఏది నిజం అన్నారు. సీసా కథ చెప్పాను, 750లోంచి 270, 120 తీసేసి. ఎదురుగా కూర్చున్నాయన నోట్లోనే లెక్క వేసుకుని తల ఊపాడు. జరిమానా, రెండు నెలలు లైసెన్సు లేదు.

---

మూడో_గేరు | అదే రోజు, రాత్రి 9:48

రెండు నెలలే కదా బాసూ, ఇట్టే గడిచిపోతాయి.

నేను మిషన్ కొన్నాను. ఇవాళ రెండు పెగ్గులు తాగి గంట ఆగి ఊదా. 20 వస్తుందని మా ఆవిడతో పందెం. 61. చెడిపోయిందేమోనని ఆవిణ్ణి ఊదమన్నా. సున్నా.

ఇంతకీ ఆ రోజు నీ కారు ఎవరు తెచ్చారు?

---

అలారం_ఆపినవాడు | అదే రోజు, రాత్రి 10:05

మా ఆవిడ. నన్ను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చింది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి ముందు దింపి, తాళాలు తన బ్యాగులో వేసుకుంది.